చత్వారం రాని వయసులో

చత్వారం అన్న మాటను ఎప్పుడైనా నిదానించి చూశారా? సంస్కృతంలో నలభై చత్వారింశత్తు. ఆ నలభైయే వాడుకలో అరిగి అరిగి చత్వారమై మన కళ్ళ మీదికి వచ్చి కూర్చున్నది. జబ్బుకు వయసు పేరే పెట్టిన మన పెద్దల చమత్కారం నాకు భలే ఇష్టం. ఒకప్పుడు అర్ధరాత్రి దాకా లేఖినిలో తెలుగు కొట్టి, వ్యాఖ్యలకు బదులు వ్రాసి, తెల్లవారి ఎర్రటి కళ్ళతో కొలువుకు పోయిన మనలో చాలామందికి ఇప్పుడది వచ్చేసింది. పుస్తకాన్ని మూరెడు దూరాన పట్టుకొని చదువుతున్నాము. అందులో అన్యాయమేమీ లేదు. ఆ వయసుకు అది న్యాయమైన సుంకమే.

పధ్నాలుగేళ్ళ పిల్లవాడి కంటికి వచ్చే అలసటకు మాత్రం మా పల్లెల్లో పేరంటూ లేదు. పేరు లేని బాధను ఇంట్లో ఎవరూ ఒక పట్టాన నమ్మరు. నేనూ నమ్మలేదు.

2023లో సంగతి. మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. సత్యవేడులో మా పాత ఇంటి వసారాలో కూర్చొని ట్యాబులో పాఠాలు చూసేవాడు, మధ్యమధ్య పాఠాలు కానివీ చూసేవాడు. సాయంత్రమయ్యేసరికి "కండ్లు మండతా ఉండాయి మామా, తలకాయ నొస్తా ఉంది" అనేవాడు. మొదట కళ్ళు ఎర్రబడితే మద్రాసు ఐ అనుకొని చుక్కల మందు వేశారు. తగ్గలేదు. తరువాత ఇంటిల్లిపాదీ ఒక నిర్ణయానికి వచ్చాము: వీడికి ఆటల పిచ్చి, చదువనేసరికి తలనొప్పి వస్తుంది. "ఊరికే సాకులు చెప్పబాకరా" అని కసిరిన వాళ్ళలో నా గొంతే పెద్దది. అంతకు ముందు ఏదో శిబిరంలో కంటి పరీక్ష జరిగింది. గోడ మీది అక్షరాలను చివరి వరుస దాకా గడగడ చదివేశాడు. కనుక కళ్ళలో దోషం లేదన్నది మా అందరి ధీమా.

ఆరు నెలల తరువాత చెన్నైలో ఒక కంటి వైద్యురాలు చుక్కలు వేసి, కంటి కండరాన్ని కాసేపు నిద్రపుచ్చి చూసి చెప్పారు, రెండు కళ్ళకూ రెండు డయాప్టర్ల దీర్ఘదృష్టి ఉన్నదని. అంటే వాడు సాకులు చెప్పలేదు. ఆ తిరుగు ప్రయాణంలో బస్సు ఊత్తుకోట దాటేదాకా నేను వాడి ముఖం చూడలేకపోయాను. ఆ సిగ్గుతోనే ఈ విషయం మీద దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను. ఈ టపా అందులోంచి పుట్టినదే.

మా ఊరి వాళ్ళు కంటికైనా పంటికైనా ముందు చెన్నై దారే పట్టడానికి కారణం ఉన్నది. సత్యవేడు 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో భాగం. పటాస్కర్ సూచనల మీద సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి అటు పోయింది, మేము ఇటు వచ్చాము. చిత్తూరు జిల్లాలో అరవై రెండేళ్ళు ఉండి 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి మారాము. కాగితాల మీద ఎన్ని జిల్లాలు మారినా, "కండ్లాసుపత్రి" అంటే మా అవ్వకు తెలిసినది ఎగ్మోరు ఒక్కటే. ఆ ఆసుపత్రి సామాన్యమైనది కాదు. లండనులో మూర్‌ఫీల్డ్స్ 1805లో మొదలైతే, ఈస్టిండియా కంపెనీ వారు మద్రాసులో కంటి వైద్యశాలను 1819లోనే తెరిచారు. అది తరువాత ఎగ్మోరుకు మారింది. కండ్లకలకకు మద్రాసు ఐ అన్న పేరు లోకమంతా పాకడానికి కూడా గత శతాబ్దపు తొలినాళ్ళలో అక్కడ పనిచేసిన కిర్క్‌పాట్రిక్ అనే వైద్యుని పరిశీలనలే మూలం.

ఎగ్మోరు అనగానే నాకు ఇంకో ముచ్చట గుర్తుకు వస్తుంది. ఆ వైద్యశాల పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందు, 1789లో, ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు మతగురువు ఎగ్మోరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడుగా చేరాడు. ఒకనాడు దారిలో ఒక వీధిబడి కనిపించింది. పిల్లలు నేల మీద పరచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. అది చూసి ఆయన తన బడిలోనూ ఇసుక పోయించాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతితో కలిపి దాన్ని 1797లో లండనులో పుస్తకంగా వేస్తే, ఇంగ్లండులో మద్రాసు పద్ధతి అన్న పేరుతో బడులు వెలిశాయి.

మన రాయలసీమలో అదే దృశ్యాన్ని మరింత వివరంగా చెప్పినవాడు బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్. తెలుగు వ్యాకరణం వ్రాసిన ఆ క్యాంబెలే. మన్రో 1822లో దేశీయ పాఠశాలల లెక్కలు అడిగినప్పుడు ఆయన 1823లో పంపిన నివేదిక చదవదగినది. ఉదయం ఆరింటికే బడి. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారు, రెండవవానికి సున్న, మూడవవాని నుండి బెత్తం దెబ్బలు మొదలు. (ఈ లెక్కన నా అరచేయి ఎప్పుడూ సరస్వతిని చూసి ఉండదు.) తొలుత ఇసుకలో వేలితో, తరువాత ఆకు మీద గంటంతో, కాగితం మీద కలంతో, పలక వంటి కడితం మీద బలపంతో వ్రాత నేర్పేవారట.

కంటి వైపు నుండి ఈ వరుసను చూడండి. ఇసుకలో అక్షరం జానెడంత. నేల మీద గొంతుకూర్చున్న పిల్లవాడి కంటికి అది రెండడుగుల దూరంలో ఉంటుంది. పగటి వెలుగు. ఒకటి వ్రాసి చెరిపి, తలెత్తి, వల్లె వేసి, మళ్ళీ వంగాలి. చదువులో సగం చెవిది, నోటిది. తాటాకు దగ్గరకు వచ్చేసరికి అక్షరం గోరంత అయింది, అచ్చు పుస్తకంలో కందిబద్దంత, చరవాణిలో ఆవగింజంత. అక్షరం చిక్కిన కొద్దీ కంటికి దగ్గరయింది, దగ్గరయిన కొద్దీ తల ఎత్తే పని తగ్గింది. రెండు వందల ఏళ్ళ మన చదువు చరిత్రను ఇలా కూడా చెప్పవచ్చునని నాకు అనిపిస్తుంది. ఇంతమాత్రాన ఆ కాలాన్ని స్వర్గమని పొగడడం లేదు. ఆ ఇసుక ముందు కూర్చునే భాగ్యం ఆడపిల్లలకు, అణగారిన కులాలకు దాదాపు లేనేలేదు. మశూచికి కళ్ళు పోయినవారికీ, శుక్లాలు ముదిరినవారికీ లెక్కే లేదు. ఎగ్మోరు తలుపు తట్టినవాళ్ళు వాళ్ళే.

చదివి కళ్ళు అలసిపోవడమన్నది కంప్యూటరుతో పుట్టినది కాదు. వృత్తుల వల్ల వచ్చే రోగాల మీద 1700లో గ్రంథం వ్రాసిన ఇటలీ వైద్యుడు రమజ్జిని, సన్నపని చేసేవారి కళ్ళ గురించి విడిగా ఒక అధ్యాయమే పెట్టాడు. 1843లో గ్లాస్గో వైద్యుడు విలియం మెకంజీ ఈ అలసటకు ఆస్థెనోపియా అని పేరు పెట్టాడు. అప్పటికి దర్జీలూ అచ్చుపని వారూ చూపు పోతుందన్న భయంతో వృత్తి మానుకొంటున్న రోజులు. 1864లో డచ్చి దేశపు డాండర్స్ అసలు గుట్టు విప్పాడు. ఈ బాధపడే వారిలో చాలామందికి కంటిలో రోగమేమీ లేదు, బయటపడని దీర్ఘదృష్టి ఉన్నది, సరైన అద్దాలు పెడితే పోతుంది అన్నాడు. మా మేనల్లుడికి వైద్యురాలు చెప్పినది నూట అరవై ఏళ్ళ నాటి ఈ మాటే! నేను వినడం ఆలస్యమయింది, అంతే.

ఇందులో కొంచెం లెక్క ఉన్నది, ఓపిక పట్టండి. దగ్గరి వస్తువును చూడాలంటే కంటిలోని కండరం బిగిసి కటకాన్ని ఉబ్బించాలి. రెండు మీటర్ల దూరాన టీవీ చూడడానికి ఆ బిగింపు అర డయాప్టరు చాలు. అరవై సెంటీమీటర్ల దూరంలోని కంప్యూటరు తెరకు ఒకటిన్నర పైన. పాతిక సెంటీమీటర్లలో పట్టుకున్న ఫోనుకు నాలుగు. దీర్ఘదృష్టి రెండు ఉన్నవాడు దానిమీద ఇంకో రెండు కలుపుకోవాలి, మొత్తం ఆరు. పధ్నాలుగేళ్ళ కంటికి ఉండే గరిష్ఠ శక్తి పన్నెండు, అంతకు కొంచెం పైన. అంటే ఉన్న బలంలో సగాన్ని గంటల తరబడి బిగబట్టి ఉంచాలన్నమాట. మనకయితే ఆ బలం లేదు కనుక అక్షరాలు అలుక్కుపోతాయి, కళ్ళజోడు వెదుక్కొంటాము. పిల్లవాడికి బలం ఉన్నది కనుక అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తాయి, తల మాత్రం పగిలిపోతుంది. గోడ మీది అక్షరాలు చదివించి పంపేస్తే ఈ లోపం చిక్కదు. పసికంటి బలమే దాని బాధను దాచిపెడుతున్నది.

పిల్లల కళ్ళను గుంపుగా లెక్కించిన తొలి మహానుభావుల్లో హెర్మన్ కోన్ అగ్రగణ్యుడు. నాటి జర్మనీలోని బ్రెస్లావు (నేటి పోలండులో వ్రోట్స్వాఫ్) నగరంలోనూ చుట్టుపట్లా బడులకు వెళ్ళి 10,060 మంది విద్యార్థులను పరీక్షించి, 1867లో ఫలితాలు ప్రకటించాడు. పల్లెబడుల్లో హ్రస్వదృష్టి నూటికి ఒకరిద్దరికి మించి లేదు. పెద్ద చదువుల జిమ్నేషియం పాఠశాలల్లో అది నూటికి పాతిక దాటింది. తరగతి పెరిగేకొద్దీ సంఖ్య పెరిగింది. కోన్ తల్లిదండ్రులకు సుద్దులు చెప్పి ఊరుకోలేదు. కిటికీలు పెంచండి, బల్లల ఎత్తు సరిచేయండి, పాఠ్యపుస్తకాల్లో అక్షరాల సైజు పెంచండి అని ప్రభుత్వాల వెంటబడ్డాడు. పిల్లవాడిని నిటారుగా కూర్చోమనడం కాదు, కూర్చోగలిగే బల్ల ఇవ్వండి అన్నది ఆయన తత్త్వం.

కంప్యూటరు వచ్చాక ఈ తత్త్వం పెద్దలకు దక్కింది. 1983లో అమెరికా జాతీయ పరిశోధక మండలి తెరలు, పని, చూపు అన్న అంశం మీద నివేదిక వెలువరించింది. 1990 మే 29న ఐరోపా దేశాల కూటమి ఒక ఆదేశం జారీచేసింది: తెర ముందు పనిచేసే ఉద్యోగికి కంటి పరీక్ష చేయించాలి, పని మధ్యలో విరామాలు ఇవ్వాలి, అవసరమైతే ఆ పనికి తగిన కళ్ళజోడూ ఇప్పించాలి. అదే ఏడు డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కూడా ఒక చట్టం చేసింది గాని, 1992లో న్యాయస్థానం కొట్టివేసింది. గెలిచినా ఓడినా అక్కడ అడిగేవాళ్ళు ఉన్నారు. గుమాస్తాలకు సంఘాలున్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు సంఘం ఎక్కడిది?

మన సంగతి మనకు తెలిసినదే. చెప్పులు బయట విడిచి, చల్లగాలి యంత్రం ఉన్న గదిలోకి భక్తితో ప్రవేశించి, పధ్నాలుగంగుళాల బుడ్డ తెర ముందు కూర్చున్న తరం మనది. నిమిషానికి ఎన్నిసార్లు మిణుకుతుందో ఎవరికీ తెలియదు. సెకనుకు అరవై అని, దాన్ని ఎనభై అయిదుకు మార్చుకోవచ్చుననీ నాకు తెలిసేసరికి ఆ తెరలే పోయాయి. నల్లటి అద్దపు వడపోత ఒకటి తెరకు తగిలించి కళ్ళను కాపాడుకున్నామనుకున్నాము. ఆ తెర మీద గౌతమి ఖతిలో తెలుగు చదవడమంటే తపస్సే. తలకట్టుకూ గుడికీ తేడా తెలియక, వత్తు థకారమో ధకారమో పోల్చుకోలేక ముక్కు తెరకు ఆనించిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే సైజు తెలుగుకు సరిపోదు. మన లిపిలో అక్షరానికి పైనా కిందా కూడా అంతస్తులు ఉన్నాయి కదా! ఇది అందచందాల విషయమనుకొనేవాణ్ణి, కంటి ఆరోగ్య విషయమని ఇప్పుడు తెలుస్తున్నది.

తెరకూ పుస్తకానికీ ఉన్న ఇంకో తేడాను 1993లో జపాను వైద్యులు సుబోతా, నకమోరి కొలిచి చూపించారు. ఊరక కూర్చున్నప్పుడు మనిషి నిమిషానికి సగటున 22 సార్లు రెప్ప వేస్తాడు. పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, తెర మీది అక్షరాలు చదివేటప్పుడు 7. రెప్పపాటు అంటే కంటి మీద తడి పూయడం. అది మూడోవంతుకు పడిపోతే కన్ను ఎండుతుంది, మండుతుంది. దేవతలు అనిమిషులు కనుక వారికి చెల్లింది. మా వసారాలో పిల్లవాడి నెత్తిన తిరిగే పంకా ఆ ఎండడాన్ని ఇంకొంచెం తొందరపెట్టి ఉంటుంది.

ఇక మన నేల మీది లెక్కలు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుండి 15 ఏళ్ళ పిల్లలు నాలుగు వేల మందికి పైగా పరీక్షించి ఎల్. వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించినదాని ప్రకారం హ్రస్వదృష్టి 4.1 శాతం. అదే ఏడు ఢిల్లీ నగరపు లెక్క 7.4 శాతం. కోన్ చూసిన పల్లె, పట్నం తేడాయే ఇక్కడా కనిపించింది. చేతిలోకి తెర రాకముందు మన పల్లె పిల్లల కన్ను ఎలా ఉండేదో తెలిపే ఆనవాలు అది.

ఆ తెర వచ్చిన దారి విచిత్రంగా మా ఊరి మీదుగానే వచ్చింది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల భూముల్లో 2008లో శ్రీసిటీ మొదలయింది. 2015 ఆగస్టులో షావోమీ వారు ఇండియాలో తయారైన తమ తొలి ఫోనును విశాఖపట్నంలో విడుదల చేశారు. దాన్ని బిగించినది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కి వెళ్ళేది అక్కడికే. ప్రపంచంలో ఏ పిల్లవాడు తెరకు కళ్ళప్పగించినా మా మండలానికి కాస్త పాలు ఉన్నట్టే.

తరువాత అన్నీ త్వరత్వరగా జరిగాయి. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు, 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో, ముందుగా సుమారు 70 లక్షల మంది బడి పిల్లలకు. కోన్ చూస్తే మురిసిపోయేంత పెద్ద పని. ఆరు నెలలు తిరక్కుండానే బడులు మూతపడ్డాయి. 2020లో పదో తరగతి వారికి దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం పాఠాలు వచ్చాయి. నాగరికులు నవ్వారు గాని, కంటి లెక్కన టీవీ పాఠమే మేలు. అది గదికి అవతలి గోడన ఉంటుంది, ఫోను పాఠం ముక్కు కింద ఉంటుంది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి విద్యార్థులు 4.59 లక్షల మందికి, ఉపాధ్యాయులు 59 వేల మందికి ట్యాబులు పంచారు. మా వాడికి వచ్చినది అప్పుడే. పేదింటి పిల్లవాడి చేతికి పాఠం రావడం మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. 1990లో బ్రస్సెల్సులో గుమాస్తాకు ఇచ్చిన విరామమూ కంటి పరీక్షా పదమూడేళ్ళ పిల్లవాడికి ట్యాబుతో పాటే ఎందుకు అందకూడదన్నది ఒక్కటే నా ప్రశ్న.

ఇంట్లో చేయగలిగినవి చెబుతాను, మేము చేస్తున్నవే. తెరను పిల్లవాడి మోచేతి పొడవున, కంటికి కొంచెం దిగువన నిలబెట్టాము. చేతిలో పట్టుకుంటే అది పాకుతూ ముఖం దగ్గరకు వస్తుంది కనుక, పీట మీద పెట్టి ఆనించడమే మార్గం. అక్షరాల సైజు పెంచాము. కిటికీ వెలుగు తెర మీద పడి మెరవకుండా పక్కనుంచి వచ్చేలా తిప్పాము. పంకా గాలి ముఖానికి కాకుండా చూశాము. ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల అవతలికి ఇరవై సెకన్లు చూడమని అమెరికా దృష్టి వైద్యులు చెప్పే సూత్రం ఉన్నది. ఇరవైలు గుర్తుండడానికి పెట్టినవే, అసలు పని కండరాన్ని సడలించడమూ రెప్ప వేయడమూ. పధ్నాలుగేళ్ళవాడికి అది గుర్తుండదు. అందుకని మా అక్క పాఠం మధ్యలో పేరు పెట్టి పిలిచి ఏదో ఒక పని చెబుతుంది. చెంబెడు నీళ్ళు తెమ్మంటుంది, బర్రె వచ్చిందేమో చూసి రమ్మంటుంది. నీలి కాంతిని ఆపే అద్దాలని అంగడివాళ్ళు అంటగట్టబోయారు. వాటితో కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం కనబడలేదని 2023లో కొక్రేన్ సమీక్ష తేల్చినది కనుక ఆ డబ్బు మిగిలింది.

అలసట వేరు, హ్రస్వదృష్టి వేరు. మొదటిది విశ్రాంతితో పోతుంది, రెండవది కంటిగుడ్డు సాగడం వల్ల వచ్చేది, వచ్చాక వెనక్కి పోదు. దానికి మందు మా పెద్దలు ఊరికే ఇచ్చినదే: ఎండపొడ. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజూ నలభై నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపించిన పిల్లల్లో మూడేళ్ళలో 30.4 శాతానికి హ్రస్వదృష్టి వస్తే, మామూలుగా ఉంచిన పిల్లల్లో 39.5 శాతానికి వచ్చిందని 2015లో ప్రకటించారు. అక్కడ ఆ నలభై నిమిషాలను బడి పట్టికలోనే చేర్చారు, పిల్లల బుద్ధికి వదిలేయలేదు. మన దగ్గర పదో తరగతి రాగానే ఆటల పీరియడును లెక్కల మాస్టారుకు ఇచ్చేస్తాము.

మా వాడిప్పుడు ఇంటరు చదువుతున్నాడు. కళ్ళజోడు పెట్టుకొన్న మొదటి వారం దించి దాచేవాడు, ఇప్పుడు స్నానానికి తప్ప తీయడు. తలనొప్పి మాట ఎత్తి చాలా కాలమయింది. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు నేను మిద్దె మీద కూర్చొని ఈ టపానే చరవాణిలో దిద్దుకుంటున్నాను. నా చెయ్యి ఎంత చాచినా అక్షరం ఆనలేదు. వాడు వచ్చి పక్కన నిలబడి, "చాలు మామా, కాసేపు ఆ నాగలాపురం కొండల దిక్కు చూడు" అన్నాడు. ఎవరు ఎవరికి చెప్పవలసిన మాట! చూశాను. పొద్దు గూకుతున్నది, కొండలు నీలంగా ఉన్నాయి.